వజ్రకరూరు పైపు, ఆరు దాగళ్ల ప్రెస్సు: వజ్రం ఎలా పుడుతుంది, ఎందుకు మిగులుతుంది

క్లుప్తంగా

యంత్రంలో వజ్రం పుట్టాలంటే 5 నుంచి 6 గిగాపాస్కల్స్ ఒత్తిడి, 1300 నుంచి 1500 డిగ్రీల సెల్సియస్ వేడి, కార్బన్‌ను తనలో కరిగించుకునే లోహం కావాలి. అంతటి స్థితిని చేరుకోవడం కష్టమే. దాన్ని కదలకుండా నిలబెట్టడం అంతకన్నా కష్టం. ఆపైన, దిగి వచ్చేటప్పుడు వజ్రం మళ్లీ గ్రాఫైట్ కాకుండా చూసుకోవాలి. అనంతపురం జిల్లా వజ్రకరూరు దగ్గర భూమి ఇదే పనిని 110 కోట్ల ఏళ్ల కిందట చేసింది. యంత్రంలో పుట్టిన వజ్రం నకిలీ కాదు. దానికీ భూమి వజ్రానికీ ఉన్న తేడా లోపలి నైట్రోజన్ అమరికలో, చిక్కుకున్న లోహపు చుక్కల్లో కనిపిస్తుంది.

తొలకరి వార్త, ల్యాబ్ వార్త

తొలకరి పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి, మద్దికెర, జొన్నగిరి చేలల్లో జనం నేల చూపులతో నడవడం ఏటా వార్త అవుతుంది. వాన వజ్రాన్ని పుట్టించదు. పైనున్న సన్నమట్టిని కడిగేసి, కింద దాగిన గులకరాళ్లను బయటపెడుతుంది, అంతే. ఆ గులకల్లో నూటికి తొంభైతొమ్మిది పలుగురాళ్లే. ఈమధ్య ఆ వార్త పక్కనే ల్యాబ్ వజ్రాల వార్తలు కూడా వస్తున్నాయి. 2023 కేంద్ర బడ్జెట్‌లో ఈ వజ్రాలు పెంచడానికి వాడే విత్తన ముక్కల మీద కస్టమ్స్ సుంకం ఎత్తేశారు, ఒక ఐఐటీకి పరిశోధన నిధులు ప్రకటించారు, తర్వాత అవి ఐఐటీ మద్రాస్‌కు దక్కాయి. ‘మిషన్‌లో చేసింది నిజం వజ్రమేనా’, ‘బొగ్గును నొక్కితే వజ్రం అవుతుందా’ అనే ప్రశ్నలు అప్పటినుంచి ఎక్కువయ్యాయి. రెండో ప్రశ్నకు జవాబు తెలిస్తే మొదటిది సగం తేలిపోతుంది.

బొగ్గు మగ్గితే వజ్రం కాదు

వజ్రకరూరు, లత్తవరం చుట్టుపక్కల ఉన్న కింబర్లైట్ పైపులు, అంటే లోతు నుంచి శిలాద్రవం తన్నుకొచ్చి గడ్డకట్టిన నిలువు గొట్టాలు, సుమారు 110 కోట్ల ఏళ్ల కిందటివి. నేల మీద మొక్కలు మొలిచింది సుమారు 47 కోట్ల ఏళ్ల కిందట. సింగరేణి బొగ్గు వయసు 25 నుంచి 30 కోట్ల ఏళ్లు. బొగ్గుకు ముడిసరుకైన చెట్టే లేని కాలంలో ఆ వజ్రాలు పైకి వచ్చేశాయి. లోతులు కూడా కలవవు. బొగ్గు పొరలు వందల మీటర్లలో ఉంటే, వజ్రం పుట్టే చోటు 150 కిలోమీటర్లకు పైగా కింద. అక్కడి కార్బన్ కార్బోనేట్లుగా, కార్బన్ డయాక్సైడ్‌గా, మీథేన్‌గా మాంటిల్ (భూమి పై పెంకు కిందున్న మందపాటి పొర) ద్రవాల్లో తిరుగుతూ వజ్రంగా గడ్డకడుతుంది.

యంత్రంలో మాత్రం మొదటి సరుకు గ్రాఫైట్. పెన్సిల్‌లో ఉండేదే, కాకపోతే చాలా శుద్ధి చేసింది. గ్రాఫైట్‌లో కార్బన్ పరమాణువులు పొరలుగా పరుచుకుంటాయి. ఒకే పొరలో పరమాణువుల మధ్య దూరం 1.42 ఆంగ్‌స్ట్రామ్‌లు (మీటరులో వెయ్యి కోట్లవ వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్), పొరకూ పొరకూ మధ్య 3.35. ఆ ఖాళీ వల్లే అది వేలికి అంటుకుంటుంది, కాగితం మీద రాస్తుంది. వజ్రంలో ప్రతి పరమాణువూ నాలుగు వైపులా 1.54 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో గట్టిగా కట్టుబడి ఉంటుంది. గ్రాఫైట్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.26 గ్రాములు, వజ్రానిది 3.52. అంటే గ్రాఫైట్ వజ్రంగా మారేటప్పుడు మూడో వంతుకు పైగా కుంచించుకుపోతుంది. ఒత్తిడి పెంచితే వజ్రం వైపు మొగ్గు చూపడానికి కారణం అదే. ఈ కుంచించుకుపోవడమే ప్రెస్సు ఆపరేటర్‌కు పెద్ద తలనొప్పి కూడా. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

గీతకు ఆ పక్క, ఈ పక్క

వేడిని ఒక వైపు, ఒత్తిడిని ఇంకో వైపు పెట్టి బొమ్మ గీస్తే, గ్రాఫైట్‌కూ వజ్రానికీ మధ్య దాదాపు తిన్నని సరిహద్దు గీత వస్తుంది. 1000 డిగ్రీల దగ్గర ఆ గీత సుమారు 4.4 గిగాపాస్కల్స్ వద్ద ఉంటుంది, 1400 డిగ్రీల దగ్గర 5.4 వద్ద. గీతకు పైన ఉంటే వజ్రం స్థిరం, కింద ఉంటే గ్రాఫైట్ స్థిరం. వేడి ఎంత పెంచితే ఒత్తిడి అంత పెంచాలి, లేకపోతే గీత కిందికి జారిపోతాం.

ఒక గిగాపాస్కల్ అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 10 టన్నుల బరువు. 5.5 గిగాపాస్కల్స్ అంటే గోరంత చోట 56 టన్నులు. గ్రానైట్ దిమ్మెలు నిండా ఎత్తుకున్న పెద్ద ట్రైలర్ లారీ మొత్తాన్ని ఒక్క గోరు మీద నిలబెట్టినట్టు. భూమిలో ఈ ఒత్తిడి పైనున్న రాతి బరువు వల్ల వస్తుంది. పాతకాలపు దృఢమైన ఖండభాగాల కింద దాదాపు 150 కిలోమీటర్ల లోతులో రాతి వేడి, ఒత్తిడి కలిసి ఆ గీతను దాటతాయి. రాయలసీమ కింద ఉన్న ధార్వార్ క్రేటాన్ అలాంటి పాత ఖండభాగమే. కొత్తగా ఏర్పడిన, పలుచని, వేడి ఎక్కువున్న నేలల కింద వజ్రాల కోసం వెతికినా ప్రయోజనం ఉండదు. అక్కడ అంత లోతుకు వెళ్లేలోపే వేడి మరీ పెరిగిపోతుంది.

ఇక్కడ ఒక అనుమానం రావాలి. గీతకు కింద గ్రాఫైటే స్థిరం అయితే, మన ఇంటి వేడిలో, మామూలు గాలి ఒత్తిడిలో ఉంగరంలోని వజ్రం గ్రాఫైట్ ఎందుకు కాదు? కావాల్సిందే. కానీ కట్టుబాట్లు విడిపోయి మళ్లీ కట్టుకోవడానికి కావాల్సిన శక్తి చాలా ఎక్కువ, మామూలు వేడిలో అది అందదు. గాలి లేని చోట 1500 డిగ్రీలు దాటాక గాని వజ్రం చెప్పుకోదగ్గ వేగంతో గ్రాఫైట్‌గా మారదు. గాలిలో అయితే అంతకు చాలా ముందే, 700 నుంచి 850 డిగ్రీల మధ్య, కాలిపోవడం మొదలవుతుంది. 1772లో లావోయిజే వజ్రాన్ని కాల్చి చూపాడు, 1797లో స్మిత్సన్ టెనెంట్ అది కేవలం కార్బనేనని తూకం వేసి తేల్చాడు.

పైపు చేసిన పని

కాబట్టి వజ్రం పుట్టడం సగం కథే. 150 కిలోమీటర్ల లోతు నుంచి నెమ్మదిగా, వేడి తగ్గకుండా పైకి వస్తే, దారిలోనే ఒత్తిడి తగ్గి గీత కిందికి జారి, వజ్రం గ్రాఫైట్ అవుతుంది, లేదా శిలాద్రవంలో కరిగిపోతుంది. కింబర్లైట్ శిలాద్రవంలో కార్బన్ డయాక్సైడ్, నీరు ఎక్కువగా ఉంటాయి. పైకి వచ్చేకొద్దీ ఆ వాయువులు వేరుపడి, సోడా సీసా మూత తీసినట్టు ఎగదన్నుతాయి. లోతు నుంచి నేల దాకా రావడానికి గంటల నుంచి రోజుల కాలమే పడుతుందని అంచనా. ఆ వేగం వల్లే వజ్రం వజ్రంగానే మిగిలింది. తర్వాత కోట్ల ఏళ్లు పైపుల నెత్తి వానకూ ఎండకూ కరిగి, అందులోని గట్టి రాళ్లు వాగుల వెంట పోయి కంకర పొరల్లో చేరాయి. బనగానపల్లె కంకర రాతిలో, కడప దగ్గర చెన్నూరు వైపు పెన్నా ఒడ్డు కంకరల్లో పాత తవ్వకాలు సాగింది ఇలాంటి పొరల కోసమే.

యంత్రం ముందున్న సవాలూ ఇదే. ముందు గీత దాటించాలి, పెరిగేంతసేపు అక్కడే ఉంచాలి, తర్వాత ఒత్తిడి వదిలేలోపు చల్లార్చాలి. మూడో మెట్టులో వరస తప్పితే మొదటి రెండు మెట్ల శ్రమ బూడిదలో పోసిన పన్నీరే.

ప్రెస్సు లోపల

నేడు ఎక్కువగా వాడుకలో ఉన్నది చైనాలో విస్తరించిన ఘనాకార ప్రెస్సు. ఆరు హైడ్రాలిక్ సిలిండర్లు ఆరు దిక్కుల నుంచి ఒకేసారి ఒక చిన్న ఘనాన్ని నొక్కుతాయి. ప్రతి సిలిండర్ మొనకూ ఒక దాగలి ఉంటుంది. కమ్మరి దాగలి ఇనుముది, ఇది టంగ్‌స్టన్ కార్బైడ్‌ది, 6 నుంచి 8 శాతం కోబాల్ట్‌తో కలిపి కాల్చింది. అనంతపురం పల్లెల్లో బోరు బండి బిట్టుకు ఉండే గుండీలు కూడా ఈ జాతి సరుకే. నొక్కితే తట్టుకుంటుంది, లాగితే, వంచితే పగులుతుంది. అందుకే దాగలి చుట్టూ బిగుతైన ఉక్కు కడియాలు తొడుగుతారు. ఆ కడియాలు దాన్ని అన్ని వైపుల నుంచీ ముందే అదిమి పట్టి ఉంచుతాయి.

మధ్యలోని ఘనం పైరోఫిల్లైట్ అనే మెత్తని రాతితో చేసింది. బలపం రాయి లాంటిదే, దానికి దగ్గరి చుట్టం. ఇది ఒకేసారి మూడు పనులు చేస్తుంది: ఒత్తిడిని లోపలికి అందిస్తుంది, కరెంటును ఆపుతుంది, వేడి బయటికి పోకుండా అడ్డుకుంటుంది. దాగళ్లు దగ్గరయ్యేటప్పుడు అంచుల్లోని రాతి పిండి పక్కలకు జారి దాగళ్ల సందుల్లో పలుచని గ్యాస్కెట్‌గా ఇరుక్కుంటుంది. లోపలి ఒత్తిడిని పట్టి ఉంచేది ఆ పలుచని పొర రాపిడే.

లోపలికి పోతే ఒక్కో పొర ఒక్కో పనికి. పైరోఫిల్లైట్ లోపల డోలమైట్ తొడుగు, దాని లోపల గ్రాఫైట్ గొట్టం. ఆ గొట్టమే కొలిమి. రెండు చివర్లా ఉక్కు, మాలిబ్డినం బిళ్లల గుండా కొన్ని వోల్టుల వద్ద వెయ్యి ఆంపియర్లకు పైబడిన కరెంటు పంపితే అది ఎర్రగా, తర్వాత తెల్లగా కాలుతుంది. గొట్టం లోపల ఉప్పు లేదా మెగ్నీషియం ఆక్సైడ్ గిన్నె, ఆ గిన్నెలో అసలు సరుకు.

కోత బ్లేడ్లకు వాడే సన్న రేణువులు కావాలంటే గ్రాఫైట్ పొడిని ఇనుము-నికెల్ పొడితో కలిపి బిళ్లలుగా నొక్కుతారు. ఇనుము 70, నికెల్ 30 పాళ్ల మిశ్రమం వాడుకలో ఉన్నవాటిలో ఒకటి. లోహం కరిగి, గ్రాఫైట్ రేణువు చుట్టూ పలుచని పొరగా పాకి, ఒక పక్క గ్రాఫైట్‌ను కరిగించుకుంటూ ఇంకో పక్క వజ్రంగా దించుతుంది. లోహం లేకుండా గ్రాఫైట్‌ను నేరుగా వజ్రం చేయాలంటే 12 గిగాపాస్కల్స్‌కు పైన, 2000 డిగ్రీలకు పైన పోవాలి. అది పరిశ్రమకు గిట్టుబాటు కాదు. లోహం దయ వల్లే 5.5 దగ్గర పని జరుగుతోంది. ఈ రకం పెంపకం నిమిషాల నుంచి గంటలోపు ముగుస్తుంది.

నగలో పొదిగే పెద్ద రాయి కావాలంటే పద్ధతి వేరు. కార్బన్ మూలం వేడి ఎక్కువున్న చోట పైన, విత్తన వజ్రం 20 నుంచి 50 డిగ్రీలు తక్కువున్న చోట కింద, మధ్యలో కరిగిన లోహం. వేడి చోట కరిగిన కార్బన్ చల్లని చోట విత్తనం మీద దిగుతుంది. చక్కెర పాకంలో దారం వేలాడదీస్తే కలకండ కట్టినట్టు. గంటకు 2, 3 మిల్లీగ్రాముల వేగం దాటకుండా పెంచితేనే రాయి తేటగా వస్తుంది. ఒక క్యారెట్ 200 మిల్లీగ్రాములు కాబట్టి ముడి రాయి ఒక్క క్యారెట్‌కు మూడు నాలుగు రోజులు పడుతుంది. ఆ రోజులన్నీ ప్రెస్సు ఒక్క క్షణం జారకుండా నిలబడాలి. కరెంటు ఒక్కసారి పోతే లోహం గడ్డకట్టి ఆ రాయి పెరుగుదల అక్కడితో సరి.

రంగు ఎక్కడి నుంచి వస్తుందో చూస్తే పని ఎంత సున్నితమో తెలుస్తుంది. సెల్‌లోని, అంటే ఈ పొరలన్నీ ఉన్న ఘనంలోని, రంధ్రాల్లో మిగిలిన గాలి, గ్రాఫైట్‌లో పట్టిన గాలి చాలు, అందులోని నైట్రోజన్ వజ్రంలో చేరి పసుపు రంగు ఇస్తుంది. తెల్ల రాయి కావాలంటే లోహంలో టైటానియం, అల్యూమినియం, జిర్కోనియం వంటివి కలుపుతారు. అవి నైట్రోజన్‌ను పట్టేస్తాయి. టైటానియం ఎక్కువైతే టైటానియం కార్బైడ్ రేణువులు రాయిలో ఇరుక్కుంటాయి, దానికి విరుగుడుగా రాగి కలుపుతారు. చిటికెడు బోరాన్ కలిస్తే నీలం.

ఎక్కడ చెడుతుంది

ముందు ఒత్తిడి, తర్వాత వేడి. ఎక్కేటప్పుడు వరస ఇది. ముందే వేడి చేస్తే గ్యాస్కెట్ బిగిసేలోపు లోహం కరిగి సందుల్లోకి పారుతుంది. దిగేటప్పుడు వరస తిరగబడుతుంది: ముందు కరెంటు తగ్గించి చల్లార్చాలి, ఆ తర్వాతే ఒత్తిడి వదలాలి.

పైరోఫిల్లైట్ తడి ఇంకో ఇబ్బంది. ఘనాలను ముందే కాల్చి ఆరబెడతారు. తక్కువ కాలిస్తే లోపలి నీరు వేడికి బయటపడి లోహాన్ని, విత్తనాన్ని పాడు చేస్తుంది. మరీ ఎక్కువ కాలిస్తే రాయి గట్టిపడి పక్కలకు జారదు, గ్యాస్కెట్ సరిగ్గా కట్టదు. పైగా బాగా వేడెక్కిన చోట పైరోఫిల్లైట్ కయనైట్, కోయసైట్ అనే బరువైన ఖనిజాలుగా మారి కుంచించుకుపోతుంది. సిలిండర్ గేజీ అదే అంకె చూపిస్తున్నా లోపలి ఒత్తిడి జారిపోతుంది. దీనికి తోడు గ్రాఫైట్ వజ్రం అవుతూ మూడో వంతు తగ్గిపోతూ ఉంటుంది. ఈ రెండు కుంచింపులనూ వెంటబడి నింపడానికి ప్రెస్సు పెంపకం అంతటా ఒత్తిడిని కొంచెం కొంచెం పెంచుతూ పోవాలి. తక్కువ పెంచితే గీత కిందికి జారి వజ్రం తిరిగి కరుగుతుంది, ఎక్కువ పెంచితే ఒకేసారి వందలాది సన్న గింజలు మొలిచి ఏదీ పెద్దది కాదు.

అన్నిటికన్నా భయపడేది బ్లో-అవుట్. ఒక దాగలి మిగతావాటికంటే మిల్లీమీటరులో కొంత ముందుకో వెనక్కో ఉన్నా, గ్యాస్కెట్ ఒక పక్క పలుచబడినా, లోపలి సరుకు పెద్ద చప్పుడుతో ఆ సందులోంచి తన్నుకొస్తుంది. దాగళ్లు పగలడం ఎక్కువగా ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. ఒత్తిడి తగ్గుతుంటే గ్యాస్కెట్ తిరిగి వ్యాకోచించలేక దాగలి అంచును లాగుతుంది, లాగుడును ఆ సరుకు తట్టుకోలేదు. పరిశోధన ప్రెస్సుల్లో ప్రయోగం గంటలో ముగిసినా దిగడానికి పది, పదిహేను గంటలు కేటాయించేది ఇందుకే.

అసలు లోపల ఎంత ఒత్తిడి ఉందో ఎలా తెలుస్తుంది? నూనె గేజీ చూపేది బయటి తోపు మాత్రమే. అందులో పెద్ద వాటా గ్యాస్కెట్‌కే పోతుంది. కొన్ని లోహాలు కచ్చితమైన ఒత్తిడి వద్ద స్ఫటిక రూపం మార్చుకుంటాయి, అప్పుడు వాటి విద్యుత్ నిరోధం ఒక్కసారి మారుతుంది. బిస్మత్ 2.55 గిగాపాస్కల్స్ వద్ద, థాలియం 3.68 వద్ద, బేరియం 5.5 వద్ద. ఈ మూడు తీగలు పెట్టి చూసి గేజీ అంకెకు లోపలి ఒత్తిడిని జతపరుస్తారు. వజ్రం పెంచే చోటుకు సరిగ్గా బేరియం గుర్తు పడటం అదృష్టమే. అయితే ఇది చల్లగా ఉన్నప్పటి లెక్క. కొలిమి వెలిగాక సెల్ వ్యాకోచంతో, రాతి మార్పులతో లెక్క తప్పుతుంది, దాన్ని విడిగా సవరించాలి.

తొలి రాయి తప్పు

1880లో జేమ్స్ హన్నే, 1893లో హెన్రీ మొయిసాన్ వజ్రం చేశామన్నారు. రెండూ నిలబడలేదు. అధిక ఒత్తిడి శాస్త్రానికి 1946లో నోబెల్ అందుకున్న పెర్సీ బ్రిడ్జ్‌మన్‌కూ వజ్రం చిక్కలేదు. 1953 ఫిబ్రవరిలో స్వీడన్ కంపెనీ ఏఎస్ఈఏ (ASEA) సాధించినా బయటపెట్టలేదు. 1954 డిసెంబర్‌లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ బృందం సాధించింది, 1955 ఫిబ్రవరిలో ప్రకటించింది. ట్రేసీ హాల్ డిసెంబర్ 16న తన ‘బెల్ట్’ ప్రెస్సులో చేసిన ప్రయోగం మళ్లీ మళ్లీ చేసినా ఫలించింది. అంతకు కొద్ది రోజుల ముందు హెర్బర్ట్ స్ట్రాంగ్ ప్రయోగంలో దొరికిన రాయిని కూడా తొలి వజ్రంగా చెప్పుకునేవారు. 1993లో ఆ బృందంలోని వారే నేచర్ పత్రికలో దిద్దుబాటు ప్రచురించారు: ఇన్‌ఫ్రారెడ్ పరీక్షలో అది భూమి వజ్రంగా తేలింది, విత్తనంగా వేసిన ముక్కే తిరిగి దొరికింది. దాదాపు నలభై ఏళ్లకు దాన్ని పట్టించింది నైట్రోజన్ అమరికే. వజ్రాల దుకాణంలో నేడు ఉపయోగపడుతున్న కీలకం కూడా అదే.

బండల ఫ్యాక్టరీలోని వజ్రం

తాడిపత్రి, బేతంచెర్ల బండల ఫ్యాక్టరీల్లో ప్రెస్సు వజ్రం రోజూ తిరుగుతూనే ఉంటుంది. కోత బ్లేడు అంచున అతికిన సెగ్మెంట్లలో, గ్రానైట్ క్వారీలో దిమ్మె కోసే వైరు పూసల్లో ఉన్నది ఇదే. జొన్నగిరి చేలో దొరికే రాయికీ దీనికీ స్ఫటికం ఒకటే, గిరాకీ మాత్రం వేరు. ఇక్కడ తేటదనం ఎవరికీ పట్టదు, రేణువు ఎంత దెబ్బకు పగులుతుందన్నదే లెక్క. సెగ్మెంట్‌లో సాధారణంగా 300 నుంచి 600 మైక్రాన్ల రేణువులను కోబాల్ట్, ఇనుము, కంచు పొడులతో కలిపి 700 నుంచి 900 డిగ్రీల వద్ద నొక్కి కాలుస్తారు. బ్లేడు జాబితాల్లో ‘100 కాన్సంట్రేషన్’ అని ఉంటే ఘన సెంటీమీటరుకు 4.4 క్యారెట్ల వజ్రం అని అర్థం.

ప్రెస్సులో తొందరపడితే ఆ తప్పు ఇక్కడ బయటపడుతుంది. వేగంగా పెంచిన రేణువులో కరిగిన లోహపు చుక్కలు ఇరుక్కుపోతాయి. సెగ్మెంట్ కాల్చేటప్పుడు లోహం వజ్రం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది, రేణువు లోపలి నుంచే చీలుతుంది. పైకి బ్లేడు కొత్తదే, కోతలో మాత్రం అంచు త్వరగా అరుగుతుంది. అందుకే మంచి రేణువులను 1100 డిగ్రీలకు వేడి చేసి, ఉక్కు గుండ్లతో కుదిపి, ఎన్ని పగలకుండా మిగిలాయో చూసి గ్రేడు కడతారు. అయస్కాంతంతో కూడా వేరు చేస్తారు, లోహం ఎక్కువ ఇరుక్కున్నవి దానికి అంటుకుంటాయి.

బ్లేడు మొద్దుబారితే నింద వజ్రం మీద వేస్తారు గాని చాలాసార్లు తప్పు బంధన లోహానిది. గట్టి గ్రానైట్‌కు మెత్తని బంధనం కావాలి. అది అరుగుతుంటే కొత్త రేణువు బయటికి వస్తుంది. బంధనం గట్టిదైతే రేణువు నున్నగా అరిగి, రాయి కోయకుండా రుద్దుతుంది. గరుకైన ఇసుకరాయికి దీనికి రివర్సు: గట్టి బంధనం వేయకపోతే రేణువులు సగం వాడకుండానే రాలిపోతాయి. ఇనుము కోయడానికి మాత్రం వజ్రం పనికిరాదు. వేడిలో కార్బన్ ఇనుములోకి కరిగిపోతుంది. ప్రెస్సులో మేలు చేసిన గుణమే ఇక్కడ కీడు. ఆ పనికి 1957లో రాబర్ట్ వెంటార్ఫ్ ఇలాంటి ప్రెస్సులోనే చేసిన ఘనాకార స్ఫటికపు బోరాన్ నైట్రైడ్ వాడతారు.

టెస్టర్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

చేతిలో ఇమిడే డైమండ్ టెస్టర్ రాయి వేడిని ఎంత వేగంగా లాగుతుందో చూస్తుంది. పలుగురాయిని, వజ్రంలా మెరిసే నకిలీ రాయి జిర్కోనియాను అది పట్టేస్తుంది. ప్రెస్సు వజ్రం, భూమి వజ్రం రెంటికీ ఒకే కూత కూస్తుంది, ఎందుకంటే రెండూ వజ్రాలే. వజ్రంలా కనిపించే సిలికాన్ కార్బైడ్ రాయి మొయిసనైట్ కూడా వేడిని బాగా లాగుతుంది కాబట్టి దాన్నీ వజ్రమే అనవచ్చు. మొయిసనైట్‌ను కరెంటు పారే గుణంతో పట్టుకునే టెస్టర్లు ఉన్నాయి, కానీ బోరాన్ జాడ ఉన్న ప్రెస్సు వజ్రంలో కూడా కరెంటు పారుతుంది, దాన్ని మొయిసనైట్ అని చూపించే ప్రమాదం ఉంది. వానాకాలం చేలగట్ల మీద ఈ పెట్టె చూపించి బేరాలు ఆడేవారు గుర్తుంచుకోవాల్సింది ఇది.

నిజంగా వేరు చేసేది నైట్రోజన్. భూమి వజ్రాల్లో 95 శాతానికి పైగా రాళ్లలో నైట్రోజన్ పరమాణువులు జంటలుగా, గుంపులుగా కూడి ఉంటాయి. అలా కూడడానికి వేడిలో కోట్ల ఏళ్లు కావాలి. ప్రెస్సులో రోజులే గడిచాయి కాబట్టి అవి ఒంటరిగా చెదిరి ఉంటాయి, లేదా తీసేయడం వల్ల దాదాపు ఉండవు. ఇన్‌ఫ్రారెడ్ యంత్రం ఆ తేడాను నిమిషాల్లో చూపుతుంది. అతినీలలోహిత కాంతి కింద పెరుగుదల చారలు శిలువ ఆకారంలో కనిపించడం, లైటు ఆపాక కూడా మెరుపు మిగలడం, సూక్ష్మదర్శినిలో లోహపు చుక్కలు కనిపించడం ప్రెస్సు గుర్తులు.

సూరత్‌లో ఎక్కువగా పెంచే వజ్రాలు ప్రెస్సువి కావు. అవి సీవీడీ పద్ధతివి: హైడ్రోజన్‌లో కొన్ని శాతం మీథేన్ కలిపి, మైక్రోవేవ్‌తో ప్లాస్మా చేసి, 800 నుంచి 1000 డిగ్రీలున్న విత్తనం మీద పొరలుగా దించుతారు. ఒత్తిడి గాలి ఒత్తిడి కంటే తక్కువే. గీత కింద వజ్రం ఎలా పెరుగుతుందంటే, గ్రాఫైట్‌గా దిగే కార్బన్‌ను హైడ్రోజన్ పరమాణువులు ఎప్పటికప్పుడు కొరికేస్తాయి, వజ్రంగా దిగింది మిగులుతుంది.

వజ్రాల మధ్య నలిపి చూడటం

పెద్ద ప్రెస్సుకు హద్దుంది. ఘనాకార ప్రెస్సు సాధారణంగా 6, 7 గిగాపాస్కల్స్ దగ్గర ఆగుతుంది. ఎనిమిది టంగ్‌స్టన్ కార్బైడ్ ఘనాల మూలలు చెక్కి, మధ్యలో మెగ్నీషియం ఆక్సైడ్ అష్టముఖిని నొక్కే మల్టీ-అన్విల్ ప్రెస్సు 25 దాకా పోతుంది. అక్కడ ఒక విచిత్రం: ఒత్తిడి పది గిగాపాస్కల్స్ దాటితే గ్రాఫైట్ కొలిమి తానే వజ్రమైపోయి కరెంటు ఆపేస్తుంది. అందుకే లాంథనం క్రోమైట్, రీనియం కొలిములు వాడతారు.

ఇంకా పైకి పోవాలంటే వజ్రాల కణం (డైమండ్ అన్విల్ సెల్ అనే చిన్న పరికరం) కావాలి, 1950ల చివర అమెరికాలో రూపొందింది. రెండు వజ్రాల మొనలను చదును చేసి, మధ్యలో రీనియం రేకుకు సన్న రంధ్రం చేసి, అందులో నమూనా పెడతారు. మొన వ్యాసం 300 మైక్రాన్లు అనుకుంటే 50 గిగాపాస్కల్స్‌కు కావాల్సిన తోపు సుమారు 360 కిలోలే. చేతితో మరలు బిగిస్తే వస్తుంది. వజ్రం పారదర్శకం కాబట్టి లోపలికి లేజర్ పంపి వేడి చేయవచ్చు, ఎక్స్‌రే పంపి స్ఫటికాన్ని చూడవచ్చు. ఒత్తిడి కొలిచేది కెంపు పొడి: దాని ఎర్రని వెలుగు ఒక్కో గిగాపాస్కల్‌కు సుమారు 0.365 నానోమీటర్లు జరుగుతుంది. ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రం, ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్ (బలమైన ఎక్స్‌రేలు ఇచ్చే యంత్రం) దగ్గర ఇలాంటి పని జరుగుతోంది. 2010లో జపాన్ బృందం ఈ కణంలో భూకేంద్రపు 364 గిగాపాస్కల్స్‌ను దాటింది.

గది వేడిలో అతివాహకత, అంటే నిరోధమే లేకుండా కరెంటు పారడం, అనే వార్తలూ ఈ కణం నుంచే వస్తున్నాయి. లాంథనం హైడ్రైడ్ 2019లో సుమారు 170 గిగాపాస్కల్స్ వద్ద దాదాపు 250 కెల్విన్ (మైనస్ 23 డిగ్రీల సెల్సియస్) దాకా అతివాహకత చూపింది, ఆ ఫలితం నిలబడింది. ల్యుటీషియం హైడ్రైడ్ మీద 2023 మార్చిలో వచ్చిన పత్రాన్ని నేచర్ ఆ నవంబర్‌లోనే ఉపసంహరించింది. నమూనా వెంట్రుక మందం కంటే చిన్నది, దానికి నాలుగు తీగలు అతికించి నిరోధం కొలవాలి. ఒక తీగ తెగినా, ఇంకోదానికి తగిలినా అంకె సున్నా వైపు పోతుంది. మరో ల్యాబ్ అదే ఫలితం చూపేదాకా ఆగడమే మంచిది.

చేలో పారేసే ఎర్రరాయి

ఈ ప్రెస్సుల లెక్క తిరిగి వజ్రకరూరుకే చేరుతుంది. భూగర్భ శాస్త్రజ్ఞులు వాగు కంకరను జల్లెడ పట్టినప్పుడు ముందుగా వెతికేది వజ్రం కాదు. ఊదా ఛాయ ఎర్రని పైరోప్ గోమేదకం, ఆకుపచ్చ క్రోమ్ డయాప్సైడ్, నల్లని మెగ్నీషియం ఇల్మనైట్. ఇవి కింబర్లైట్‌లో వజ్రం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వాటి కూర్పు అవి పుట్టిన లోతును చెబుతుంది. ల్యాబులో తెలిసిన ఒత్తిడి, వేడి వద్ద ఈ ఖనిజాలను పెంచి, క్రోమియం, కాల్షియం, అల్యూమినియం ఎంతెంత చేరాయో కొలిచి పట్టికలు తయారు చేశారు. ఒక్క క్రోమ్ డయాప్సైడ్ గింజ కూర్పు చూస్తే చాలు, ఆ గింజ గీతకు పైన పుట్టిందా, కింద పుట్టిందా అన్నది తెలుస్తుంది. గోమేదకంలో క్రోమియం ఎక్కువ, కాల్షియం తక్కువ ఉంటే ఆ పైపు వజ్రాలున్న లోతు నుంచి వచ్చిందనడానికి బలమైన సూచన. తొలకరి చేలల్లో మెరవదని విసిరేసే ఎర్రని గులకల్లో ఆ గోమేదకం ఉండవచ్చు.